వాలబౌట్ ముసలమ్మ వాంగ్మూలం

1688 అక్టోబరు. ఇప్పటి బ్రూక్లిన్‌లో ఈస్ట్ రివర్ ఒంపు తిరిగేచోట అప్పట్లో వాలబౌట్ అనే చిన్న పల్లె ఉండేది. విలియం మోరిస్ అనే న్యాయాధికారి ఆ ఊళ్లో ఒక ముసలమ్మ ఇంటికి వెళ్లి ఆమె వాంగ్మూలం రాయించుకున్నాడు. ఆమె పేరు కాటలీనా ట్రీకో. వయసు 83 దాకా ఉంటుందని చెప్పింది. డచ్చివాళ్ల పశ్చిమ ఇండియా కంపెనీ తరఫున ఈ దేశానికి వచ్చిన మొదటి ఓడలోనే తాను వచ్చానంది. ఎక్కడ దిగారో, ఎవరు ఎటు వెళ్లారో, ఎక్కడ గుడిసెలు వేసుకున్నారో ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. 1685లో కూడా ఆమె ఇలాంటి వాంగ్మూలమే ఇచ్చింది.

అరవై ఏళ్ల నాటి సంగతి ఒక ముసలమ్మ నోట వినాల్సిన అవసరం ఎందుకొచ్చింది? అప్పటికి ఆ డచ్చి వలస 1664లోనే ఇంగ్లిషువాళ్ల పాలై న్యూయార్క్ అయింది. న్యూయార్క్‌కు ఒకవైపు కనెక్టికట్‌తో, ఇంకోవైపు విలియం పెన్ వలస పెన్సిల్వేనియాతో హద్దుల తగాదా నడుస్తోంది. కనెక్టికట్ నది ఒడ్డున, డెలవేర్ నది ఒడ్డున ముందుగా కాలు పెట్టింది డచ్చివాళ్లేనని తేలితే, వాళ్ల నుంచి హక్కు సంక్రమించిన న్యూయార్క్ వాదనకు బలం వస్తుంది. అందుకు కళ్లారా చూసిన మనిషి కావాలి. కాటలీనా బతికే ఉంది. న్యూయార్క్ మొదటి రోజుల గురించి చరిత్రకారులు ఈనాటికీ వెనక్కి తిరిగి చూసే ఆధారాల్లో ఈ రెండు వాంగ్మూలాలూ ముఖ్యమైనవి. అవి పుట్టింది మాత్రం భూమి తగాదా కోసం. ఆమె కథ చదివేటప్పుడు ఇది మరిచిపోకూడదని నా అభిప్రాయం.

ఆమెను డచ్చి వలస మహిళ అంటారు కానీ పుట్టుకతో డచ్చి మనిషి కాదు. వలోన్ జాతి పిల్ల, ఫ్రెంచి మాండలికం ఆమె ఇంటి భాష. పుట్టింది 1605 ప్రాంతంలో, స్పెయిన్ రాజు ఏలుబడిలో ఉన్న ఎనో సీమలోని ప్రిష్ అనే ఊళ్లో. ఆ ఊరు ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది. ఆ సీమలో ప్రొటెస్టెంటుగా బతకడం కష్టం కనుక వేలమంది ఉత్తరానికి, డచ్చి గణతంత్రంలోకి తరలిపోయారు. మగ్గాల మీద బతికే ఆమ్‌స్టర్‌డామ్, లైడెన్ లాంటి ఊళ్లు వాళ్లకు నీడనిచ్చాయి. ఆమ్‌స్టర్‌డామ్ వలోన్ చర్చిలో 1624 జనవరి 21న ఆమె పెళ్లి జరిగింది. ఆమెకు 18, వరుడు యోరిస్ రాపాల్యెకు 19. అతను వలాన్సియెన్ నుంచి వచ్చిన నేతపనివాడు. చర్చి పుస్తకంలో సంతకం చేయడానికి ఇద్దరికీ చదువు రాదు, నిశానీలు పెట్టారు. కొద్దిరోజులకే ఓడ ఎక్కారు.

డచ్చివాళ్లంటే మనకు బందరులో వలందపాలెం, భీమిలిలో పాత సమాధులు గుర్తొస్తాయి. వాళ్లు 1602లో పెట్టిన తూర్పు ఇండియా కంపెనీ మనుషులు. బందరులో వాళ్ల వర్తకశాల మొదలైంది కూడా కాటలీనా పుట్టిన రోజుల్లోనే. ఆమెను ఓడ ఎక్కించింది వేరే కంపెనీ, 1621లో పెట్టిన పశ్చిమ ఇండియా కంపెనీ. హడ్సన్ నది ఒడ్డున దానికి బీవర్ తోళ్లు కావాలి, ఆ జాగాను నిలబెట్టే కాపురాలు కావాలి. హాలండులో తిండికీ పనికీ కొదవలేనివాళ్లు అంతదూరం ఎందుకు పోతారు? ఒకసారి ఇల్లు వదులుకున్న వలోన్లే ఒప్పుకున్నారు. ఆరేళ్లు అక్కడ ఉండి తీరాలన్నది కంపెనీ షరతు.

ఓడ పేరు ఏంద్రఖ్త్, అంటే ఐకమత్యం. తనతో వచ్చిన నలుగురు ఆడవాళ్లకు నడిసముద్రంలోనే పెళ్లిళ్లయ్యాయని కాటలీనా చెప్పింది. దిగిన తరువాత కొందరిని కనెక్టికట్ నదికి, కొందరిని డెలవేర్‌కు పంపి, ఎనిమిది మందిని మాన్‌హాటన్ దగ్గర ఉంచారట. మిగిలిన పద్దెనిమిది కుటుంబాలు హడ్సన్ మీద ఎగువకు వెళ్లి ఇప్పటి ఆల్బనీ దగ్గర ఆరంజ్ కోట పక్కన చెట్టు బెరళ్లతో గుడిసెలు వేసుకున్నాయి. కాటలీనా, యోరిస్ వాళ్లతోనే వెళ్లారు. 1625 జూన్ 9న అక్కడే వాళ్ల మొదటి బిడ్డ సారా పుట్టింది.

మహికన్లు, మోహాక్‌లు, ఇంకా ఎన్నో జాతులవాళ్లు బీవర్ తోళ్లు కానుకగా తెచ్చి స్నేహం కట్టుకున్నారనీ, తానున్న మూడేళ్లూ గొర్రెపిల్లల్లా నెమ్మదిగా ఉండి, వచ్చి వ్యాపారం చేసుకుని వెళ్లేవారనీ ముసలమ్మ చెప్పింది. ఆ వాంగ్మూలంలో నేను ఆగిపోయేది ఈ మాట దగ్గరే. ఎందుకంటే అక్కడి నుంచి ఆమె దిగువకు రావడానికి కారణమే యుద్ధం. మహికన్లకూ మోహాక్‌లకూ మధ్య జరిగిన పోరులో కోట అధికారి తలదూర్చి 1626లో ప్రాణం పోగొట్టుకున్నాడు. దాంతో కుటుంబాలన్నిటినీ మాన్‌హాటన్‌కు దించేశారు. ఆ తరువాత ఆమె చూసినవి ఇంకా ఘోరం.

మాన్‌హాటన్‌లో కోట పక్కనే కాపురం. బిడ్డలు మొత్తం పదకొండుమంది, ఆఖరివాడు పుట్టింది 1650లో. 1637లో యోరిస్ నదికి ఆవల వాలబౌట్ ఒంపులో సుమారు 335 ఎకరాలు అక్కడి స్థానిక జాతి లెనాపెల దగ్గర కొన్నాడు. 1641లో గవర్నర్ విలెమ్ కీఫ్ట్ సలహా కోసం ఊరివాళ్లు ఎన్నుకున్న పన్నెండుమంది పెద్దల్లో అతనూ ఒకడు. లెనాపెల మీద దండెత్తడానికి ఈ పెద్దల మద్దతు కీఫ్ట్‌కు కావలసి వచ్చింది. వాళ్లు తొందరపడొద్దన్నారు, చివరికి కొన్ని షరతుల మీద తలూపారు. తరువాత కీఫ్ట్ ఆ సభనే రద్దు చేశాడు. 1643 ఫిబ్రవరిలో ముగ్గురు పెద్దలు, పన్నెండుమంది తరఫునా అన్నట్టు, దాడికి అర్జీ పెట్టారు. ఆ ముగ్గురిలో యోరిస్ లేడు. అదే నెల ఒక రాత్రి, వేరే జాతి దాడులకు భయపడి డచ్చివాళ్ల పక్కకు వచ్చి తలదాచుకున్న లెనాపెలను కంపెనీ సైనికులు హడ్సన్‌కు ఆవలి ఒడ్డున పవోనియాలోనూ కోర్లేర్స్ హుక్‌లోనూ నరికేశారు. చనిపోయినవారు రెండు చోట్లా కలిపి నూటికి పైనే, పసిపిల్లలతో సహా. కోర్లేర్స్ హుక్ అంటే వాలబౌట్‌కు సరిగ్గా ఎదురు ఒడ్డు. వాలబౌట్ భూమికి కీఫ్ట్ పట్టా ఇచ్చింది కూడా ఆ ఏడాదే.

ఇవన్నీ తెలిసిన మనిషి గొర్రెపిల్లల్లా ఉండేవారని ఎందుకంది? ఆమె అబద్ధమాడిందని నేననుకోను. 20 ఏళ్ల వయసులో, బెరడు గుడిసెలో, తొలిబిడ్డను ఒళ్లో పెట్టుకున్నప్పుడు తన కళ్ల ముందు నడిచిన మనుషుల గురించి చెప్పింది. వాళ్ల వల్ల ఆమెకు ఏ చెరుపూ జరగలేదు. మిగతాది అడిగే అవసరం రాయించుకున్నవాళ్లకు లేదు.

సారా కథ కూడా ఇలాగే భూమి చుట్టూ తిరుగుతుంది. పద్నాలుగేళ్లకే నార్వే నుంచి వచ్చిన ఓడల వడ్రంగి హాన్స్ హాన్సెన్ బెర్గెన్‌తో పెళ్లయింది. 1656లో పచ్చికబీడు కోసం ప్రభుత్వానికి అర్జీ పెట్టినప్పుడు, ఈ వలసలో పుట్టిన మొదటి క్రైస్తవ బాలికనని ఆమె రాయించుకుంది. ఆ బిరుదు తరువాత తరాల నోళ్లలో పెరిగి పెద్దదై, తొలిబిడ్డ అని ముచ్చటపడి లెనాపెలే ఆమెకు భూమి కానుకిచ్చారనే కథ పుట్టింది. ఉన్న కాగితాలు చెప్పేది మాత్రం ఆమె తండ్రి కొన్న భూమి, ఆమె అడిగిన బీడు.

యోరిస్ 1660ల మొదట్లో పోయాడు. కాటలీనా మాత్రం ఇంకో పాతికేళ్లకు పైగా బతికింది. 1680లో లాబడిస్టులనే చిన్న ప్రొటెస్టెంటు శాఖకు చెందిన యాస్పర్ డాంకార్ట్స్ అనే బోధకుడు, తమ మతసమాజానికి జాగా వెతుక్కుంటూ వచ్చి ఆమెను చూశాడు. అతని దినచర్య పుస్తకం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పాత పుస్తకాల దుకాణంలో పడి ఉండగా, 1864లో హెన్రీ మర్ఫీ అనే బ్రూక్లిన్‌వాసి కంట పడింది. లేకపోతే ఆ దృశ్యం మనకు దక్కేదే కాదు. ఆమె సంతానం అప్పటికి 145 మంది, త్వరలో 150 అవుతుందని అతను రాశాడు. ముసలి వలోన్ మనిషి అని ఆమెను పేర్కొన్నాడు. ప్రాణమంతా పిల్లల మీదే, లోక వ్యామోహం ఎక్కువని ఆ భక్తుడు తప్పుపట్టాడు. అయినా ఎవరి పంచనా చేరలేదు. వాళ్లకు కాస్త ఎడంగా, తన చిన్న తోట తాను చూసుకుంటూ ఒంటరిగా కాపురం చేస్తోంది. ఇల్లు వదిలి 56 ఏళ్లయినా ఆమె వలోన్ మనిషిగానే గుర్తింపు పొందింది. పుట్టింటి పేరూ పోలేదు. డచ్చి ఆచారంలో పెళ్లయినా ఆడవాళ్లు తమ పేరుతోనే దస్తావేజుల్లో కనబడతారు కనుక ఆమె చివరిదాకా ట్రీకోనే. 1689లో కన్నుమూసింది.

తరువాతి తరాలకు నేతపనివాడు, చదువురాని పిల్ల సరిపోలేదు. 19వ శతాబ్దంలో అచ్చయిన వంశవృక్షాలు యోరిస్‌కు ఫ్రాన్సులో ఒక ఉన్నత వంశాన్ని అంటగట్టాయి. అది కల్పితమని తరువాత తేలింది. కాటలీనా విషయంలో పొరపాటు వాంగ్మూలంలోనే ఉంది. ఇంగ్లిషు రాతగాడు ప్రిష్‌ను పారిస్ అని రాసుకోవడంతో ఆమె పారిస్ ఆడపడుచు అయిపోయింది. ఆమ్‌స్టర్‌డామ్ పెళ్లి పుస్తకంలో ప్రిష్ అని ఉండబట్టి సరిదిద్దగలిగారు.

1924లో వలోన్లు వచ్చి 300 ఏళ్లయిందని అమెరికా తపాలాశాఖ మూడు బిళ్లలు వేసింది. ఆరంజ్ కోట దగ్గర వాళ్లు దిగుతున్న బొమ్మ 2 సెంట్ల బిళ్ల మీద ఉంది. కాటలీనా వారసులు ఇప్పుడు పది లక్షల దాకా ఉంటారని అంచనా. బెర్గెన్, రెమ్‌సెన్, బొగార్ట్ లాంటి పాత బ్రూక్లిన్ వంశాలు ఆమె కూతుళ్ల కడుపున పెరిగినవే. న్యూయార్క్‌లో ఉండే తెలుగువాళ్లు బెర్గెన్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలు దిగే ఉంటారు. అలాంటి డచ్చి కుటుంబాల పొలాల్లో ఎవరు పనిచేశారన్నది కూడా ఈ వంశచరిత్రలో భాగమే. 1790 జనాభా లెక్కల్లో బ్రూక్లిన్ ఉన్న కింగ్స్ కౌంటీలో దాదాపు మూడోవంతు మంది బానిసలు. న్యూయార్క్‌లో వాళ్లకు విముక్తి వచ్చింది 1827 జూలై 4న.

వాలబౌట్ ఒంపు 1801లో నౌకాదళం చేతికి వెళ్లి బ్రూక్లిన్ నేవీ యార్డ్ అయింది. 1637 నాటి అమ్మకంలో ఆ భూమి పేరు రెన్నెగకాంక్. అమ్మినవాళ్లు కాకపెటైనో, పెవిచాస్ అని ఉంది. లెనాపెల వారసులు ఇప్పుడు ఒక్లహామాలో, విస్కాన్సిన్‌లో, కెనడాలోని ఒంటారియోలో ఉన్నారు.