ఆపరేషన్‌కు ముందు ఊపిరితిత్తుల అతుకులు: ఛాతీ స్కానింగుపై అపోహలు, వాస్తవాలు

అపోహ: ఊపిరితిత్తుల నిండా గాలే కదా, అల్ట్రాసౌండ్‌లో ఏం కనిపిస్తుంది?

విజయనగరంలో నా దగ్గరికి స్కానింగుకు వచ్చే వారు తరచూ అడిగే ప్రశ్న ఇది. గర్భిణులకు చేసే పరీక్ష మగవాడి ఛాతీకి ఎందుకని సందేహించే పెద్దవారూ ఉన్నారు. గాలి శబ్ద తరంగాలను వెనక్కి తిప్పికొడుతుంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి లోపలి భాగం కనిపించదన్న మాట నిజమే. కానీ ఛాతీలోకి కెమెరా గొట్టం పంపి చేసే ఆపరేషన్‌కు ముందు మేం వెతికేది అతుకులను, అంటే ఊపిరితిత్తి పొర ఛాతీగోడకు అంటుకుపోయిన చోట్లను; అవి ఉండేది పైపొర మీద. రెండు పక్కటెముకల నీడల మధ్య, ఎముకకు సుమారు అర సెంటీమీటరు దిగువన తెల్లని గీత ఒకటి మెరుస్తుంది. మనిషి ఊపిరి తీసినప్పుడల్లా ఆ గీత వెంట సన్నని మెరుపులు అటూ ఇటూ జారుతుంటాయి. ఛాతీగోడ లోపలి పొర మీద ఊపిరితిత్తి పొర రాసుకుంటూ కదలడమే అది. పాత క్షయ, చీము పట్టడం, దెబ్బ, మునుపటి ఆపరేషన్ వంటి కారణాలతో ఆ రెండు పొరలూ అతుక్కున్న చోట గీత ఉంటుంది గానీ జారుడు ఉండదు.

అపోహ: సీటీ స్కాన్ తీశాక ఇది అనవసరం.

గడ్డ ఎక్కడుంది, ఎంతుంది అన్నది చెప్పడానికి సీటీ తప్పనిసరి. అయితే దానిని ఊపిరి బిగబట్టించి తీస్తారు కనుక కదలిక అందులో కనిపించదు. మందంగా కనిపించిన పొర హాయిగా జారుతూ ఉండవచ్చు, పలుచగా ఉన్నదే గట్టిగా పట్టేసి ఉండవచ్చు. నెల్లిమర్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన సీటీలో అతుకుల ప్రస్తావనే లేదు. కుడి చంక కింద, కెమెరా గొట్టం దూర్చవలసిన చోటనే, గీత కదలకుండా నిలిచిపోయింది. “బాబూ, చిన్నప్పుడు క్షయకు నెలల తరబడి సూదిమందు వేశారు” అని ఆయన అప్పుడు గుర్తుచేసుకున్నారు.

అపోహ: జారకపోతే అది అతుకే.

ఈ తొందరపాటు వైద్యులలోనూ చూస్తుంటాను, అది ప్రమాదకరం. పొరల మధ్య గాలి చేరినా జారుడు ఆగిపోతుంది. 1995లో ఫ్రెంచి వైద్యుడు లిక్టెన్‌స్టీన్ ఈ పరీక్షను వివరించింది అలా చేరిన గాలిని పట్టుకోవడానికే. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసేవారిలోనూ, గాలితిత్తులు ఉబ్బిపోయిన వారిలోనూ జారుడు సరిగా తెలియదు. అందుకే గట్టిగా పీల్చమని రెండు మూడు సార్లు అడుగుతాం. జారుడు లేని గీత గుండె కొట్టుకున్నప్పుడల్లా సన్నగా అదిరితే, పొరలు తాకుకునే ఉన్నాయని, అక్కడ గాలి లేదని తెలుస్తుంది.

అపోహ: మత్తిచ్చాక థియేటర్లోనే చూసుకోవచ్చు.

ఆపరేషన్ చేసే వైపు ఊపిరితిత్తికి గాలి ఆపేస్తే అతుకు ఉన్నా లేకున్నా జారుడు ఉండదు. కనుక అంతకుముందే, ఆపరేషన్‌లో పడుకోబెట్టే భంగిమలోనే, చెయ్యి పైకెత్తించి చూసి, జారుతున్న చోటును చర్మం మీద పెన్నుతో గుర్తుపెట్టాలి. భంగిమ మారితే చర్మంతో పాటు గుర్తూ జరిగిపోతుంది.

అపోహ: “అతుకులు లేవు” అని రాస్తే ఎక్కడా లేనట్టే.

ప్రోబ్ (ఛాతీకి ఆనించే స్కానింగు పరికరం) పెట్టగలిగిన చోటికే ఆ మాట వర్తిస్తుంది. భుజపు రెక్క ఎముక వెనుక, గుండె పక్కన, డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర) మీద ఉన్నవి మనకు చిక్కవు. పైకొనలో జారుడు సహజంగానే తక్కువ.

అపోహ: అతుకులున్నాయంటే ఆపరేషన్ చేయరు.

ఈ భయంతోనే పాత టీబీ సంగతి దాచేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. దాచితే మొదటి గొట్టమే ఊపిరితిత్తికి గుచ్చుకోవచ్చు. తెలిస్తే సర్జన్ చోటు మారుస్తారు, అతుకులు విడదీయడానికి సమయం కేటాయించుకుంటారు, అవసరమైతే ఛాతీ తెరిచి చేస్తామని ముందే ఇంట్లోవారికి చెబుతారు. ఆ పెద్దాయనకు విశాఖపట్నంలో చేసిన సర్జన్, అతుకున్న చోటికి రెండు పక్కటెముకల దిగువన, గీత జారుతోందని నేను గుర్తుపెట్టిన చోటు నుంచే, మొదటి గొట్టాన్ని పంపారు.