లంబసింగి యాపిల్ వెనక ఉన్న తోటలు

చలికాలం వచ్చిందంటే విశాఖలో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి లంబసింగిలో మంచు గురించి. రెండోది, అంత చలి ఉన్నచోట యాపిల్ ఎందుకు పండదని. గత దశాబ్దంలో హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) శాస్త్రవేత్తలు చింతపల్లి, లంబసింగి వైపు ప్రయోగంగా యాపిల్ మొక్కలు నాటించిన దగ్గర్నుంచీ ‘ఆంధ్రా యాపిల్’ అనే మాట పత్రికల్లో అడపాదడపా కనిపిస్తూనే ఉంది. 2022 ఏప్రిల్‌లో ఆ కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి గానీ, విశాఖ వాళ్ళ నోట్లో అది ఇప్పటికీ మన ఏజెన్సీయే.

మొక్క ఎక్కడ దొరుకుతుంది, ఎన్నేళ్ళకి కాస్తుంది, ఎకరాకి ఎంత మిగులుతుంది? చర్చంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. ఆ మొక్క ఇన్నాళ్ళూ అంతరించిపోకుండా ఎలా మిగిలిందన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు. నాకైతే అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తుంది.

ముందు చలి లెక్క చూద్దాం. యాపిల్ చెట్టు చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. ఆ నిద్ర తీరాలంటే సుమారు 7 డిగ్రీల లోపు చలి ఇన్ని గంటలపాటు తగలాలి. కశ్మీర్, హిమాచల్‌లలో ఎక్కువగా పండే డెలిషియస్ జాతికి అది వెయ్యి గంటల పైమాటే. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఎనిమిది దాకా 7 డిగ్రీల లోపే ఉందనుకుందాం. రోజుకి 10 గంటలు. అలాంటి రాత్రులు 30 దొరికాయనుకున్నా మొత్తం 300 గంటలు. ఇది కూడా ఉదారంగా వేసిన లెక్కే. పైగా మధ్యాహ్నం ఎండ గట్టిగా కాస్తే ముందు రాత్రి కూడబెట్టిన చలిలో కొంత చెరిగిపోతుంది. కాబట్టి మామూలు కశ్మీర్ యాపిల్ తెచ్చి ఇక్కడ నాటితే ఒక కొమ్మ చిగురిస్తుంది, పక్క కొమ్మ నిద్రపోతూనే ఉంటుంది, పూత ముక్కలు ముక్కలుగా వస్తుంది.

అయినా ఆశ ఉందంటున్నారంటే, 200 నుంచి 300 గంటల చలితో సరిపెట్టుకునే రకాలు కొన్ని ఉండబట్టే. వాటి పుట్టుక చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ‘ఆనా’ ఇజ్రాయెల్‌లోని ఐన్ షెమర్ కిబ్బుట్జ్‌లో (ఉమ్మడి వ్యవసాయ క్షేత్రంలో) అబ్బా స్టైన్ సంకరం చేసిన రకం. ‘డోర్సెట్ గోల్డెన్’ బహమాస్ దీవుల్లోని నసావులో గింజ నుంచి మొలిచిన మొక్క. మన దేశంలో బాగా పేరొచ్చిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 హిమాచల్ ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లా పనియాలా గ్రామంలో దొరికింది. 1990ల చివర హరిమన్ శర్మ అనే రైతు ఇంటి వెనక పడేసిన గింజల్లో ఒకటి మొలిచింది. వేడి ప్రాంతంలో మొలిచిన ఆ మొక్కని ఆయన పీకేయలేదు, చూద్దామని ఉంచారు. ఆయనకి 2025లో పద్మశ్రీ వచ్చింది. ఆ మొక్క పీకేసి ఉంటే ఈ రోజు దక్షిణాదిలో యాపిల్ గురించి మాట్లాడే వాళ్ళలో సగం మందికి మాట్లాడటానికి ఏమీ ఉండేది కాదు.

గింజ వేస్తే మొలుస్తుంది కదా, మళ్ళీ కాపాడటం దేనికని అడగొచ్చు. యాపిల్‌తో పేచీ అదే. తన పుప్పొడితో తాను కాయదు, వేరే రకం పుప్పొడి కావాలి. అందుకని ప్రతి గింజా ఒక కొత్త సంకరమే. మామిడి సంగతి మన వాళ్ళకి తెలిసిందే: సువర్ణరేఖ టెంక పాతినంత మాత్రాన సువర్ణరేఖ రాదు, అంటు కట్టాల్సిందే. యాపిల్‌లో ఆ తేడా ఇంకా ఎక్కువ. మంచి కాయలోని పది గింజలు నాటితే పది రకాల చెట్లు వస్తాయి, తొమ్మిదింటి కాయలు నోట్లో పెట్టలేం. పేరున్న రకం బతకాలంటే దాని కొమ్మ తెచ్చి ఇంకో మొక్క వేరు మీద అంటు కడుతూనే ఉండాలి. కట్టే వాళ్ళు ఆగిపోయిన రోజు, ఆఖరి చెట్టు ఎండిపోయిన రోజు, ఆ రకం కథ ముగిసినట్టే.

ఈ విషయం మొదట పట్టించుకున్న వాళ్ళలో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ ఒకరు. 1929లో ఆయన ఇప్పటి కజకిస్తాన్‌లోని అల్మాటీ చుట్టుపక్కల కొండలు తిరిగారు. అక్కడ యాపిల్ అడవి చెట్టు. ఒక చెట్టు కాయ గోళీ అంత, పక్క చెట్టుది బజారులో అమ్మే కాయంత. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. ఒకటి తీపి, ఒకటి వగరు. మనం తినే యాపిల్‌కి పుట్టిల్లు ఇదేనని ఆయన అన్నారు. తర్వాత దశాబ్దాల్లో జన్యు పరీక్షలు ఆ మాట ప్రధానంగా నిజమేనని తేల్చాయి. పడమరకి ప్రయాణించే దారిలో యూరప్ అడవి యాపిల్ కూడా ఇందులో బాగా కలిసిందని చేర్చాయి. వావిలోవ్ మాత్రం స్టాలిన్ కాలంలో 1940లో అరెస్టయ్యి, 1943లో సరతోవ్ జైలులో ఆకలితో చనిపోయారు. అదే కాలంలో, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనలు లెనిన్‌గ్రాడ్‌ని ముట్టడించినప్పుడు, ఆయన నడిపిన విత్తన సేకరణ సంస్థ శాస్త్రవేత్తలు కొందరు చుట్టూ బస్తాల్లో విత్తనాలు ఉన్నా ముట్టుకోకుండా ఆకలితో ప్రాణాలు వదిలారు. మొక్కల సేకరణల చరిత్రలో ఇంతకు మించిన ఘట్టం లేదు.

కజక్ అడవుల్ని ఆ తర్వాత ఐమక్ జంగలియేవ్ అనే శాస్త్రవేత్త జీవితమంతా అంటిపెట్టుకుని చదివారు. సోవియట్ యూనియన్ చివరి రోజుల్లో ఆయన పిలుపుతో అమెరికా వ్యవసాయ శాఖ బృందాలు వెళ్ళాయి. 1989 నుంచి 1996 మధ్య నాలుగు విడతల్లో లక్షకు పైగా గింజలు పట్టుకెళ్ళాయి. న్యూయార్క్ రాష్ట్రం జెనీవా పట్టణంలోని తోటలో వాటి నుంచి పెంచిన చెట్లున్నాయి. అటు పక్క అల్మాటీ నగరం పెరుగుతూ పోయి, కొండల మీద అడవి పలచబడింది. ఇప్పుడు ఆ అడవి యాపిల్ అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది.

సరే, అడవి సంగతి అలా ఉంటే బజారు సంగతేంటి? విశాఖ జ్ఞానాపురం హోల్‌సేల్ మార్కెట్లో దిగే పెట్టెల్నే తీసుకోండి. కశ్మీర్ నుంచి, హిమాచల్ నుంచి వచ్చే ఎర్ర కాయలు డెలిషియస్ జాతి. స్టిక్కర్ అంటించి వచ్చే ఫ్యూజీ, రాల్స్ జానెట్ అనే పాత రకానికీ రెడ్ డెలిషియస్‌కీ పుట్టింది. గాలా తల్లిదండ్రుల్లో ఒకటి గోల్డెన్ డెలిషియస్. రెండోదైన కిడ్స్ ఆరెంజ్ రెడ్‌కి మళ్ళీ రెడ్ డెలిషియసే ఒక జనకం. బండి మీద మూడు కుప్పలు, మూడు ధరలు. చూస్తే ముగ్గురూ ఒకే ఇంటి వాళ్ళు. 1990ల్లో న్యూజిలాండ్ పరిశోధకులు ప్రపంచంలోని కొత్త రకాల వంశవృక్షాలు తిరగేస్తే ఎక్కువ భాగం ఐదారు పూర్వీకుల దగ్గరికే చేరాయి: కాక్స్ ఆరెంజ్ పిప్పిన్, గోల్డెన్ డెలిషియస్, రెడ్ డెలిషియస్, జొనాథన్, మెకింటోష్.

ఇందులో రైతు తప్పేమీ లేదు. ఒకేలా కనిపించే, దూరం తట్టుకునే, రంగు తేలే కాయకే వ్యాపారి డబ్బిస్తాడు. మన దేశంలోనూ ఇదే జరిగింది. అమెరికా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడి, 1921లో గాంధీ ఉద్యమంలో జైలుకి కూడా వెళ్ళిన శామ్యూల్ స్టోక్స్ 1916 ప్రాంతంలో సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో డెలిషియస్ నాటారు. దాంతో ఆ కొండల బతుకే మారిపోయింది. కశ్మీర్‌లో మాత్రం అంతకు ముందు నుంచే అంబ్రి అనే సొంత యాపిల్ ఉండేది. మంచి వాసన, నెలల తరబడి నిలవ. కాకపోతే కాపుకి రావడానికి చాలా ఏళ్ళు తీసుకునేది. త్వరగా కాసి, ఎర్రగా మెరిసే డెలిషియస్ ముందు అంబ్రి నిలబడలేకపోయింది. వెయ్యి గంటల చలి దొరికే చోట కూడా సొంత రకాన్ని బజారు కాపాడలేదన్నమాట.

ఒకే రకం కొండంతా నిండితే తెగులుకి పండగే. 1973లో కశ్మీర్‌లో స్కాబ్ తెగులు విరుచుకుపడింది. కాయ మీద నల్లటి పొలుసు మచ్చలు కట్టి, పగుళ్ళిచ్చి, అమ్మకానికి పనికిరాకుండా పోతుంది. 1980ల మొదట్లో హిమాచల్ వంతు వచ్చింది. అప్పటి నుంచి ఆ తోటల్లో మందు పిచికారీ పంచాంగం చూసుకున్నంత కచ్చితంగా జరుగుతోంది.

స్కాబ్‌కి విరుగుడు దొరికింది కూడా రకరకాల చెట్లని పోగుచేసి నిలిపే సేకరణ తోటలోనే, అదీ తినడానికి పనికిరాని చెట్టులో. అమెరికాలోని ఇలినాయ్‌లో క్రాండల్ అనే ఆచార్యుడు 1914లో మాలస్ ఫ్లోరిబండా అనే పూల యాపిల్‌ని, రోమ్ బ్యూటీ అనే తినే రకంతో కలిపారు. కాయలు చిన్నవి, ఎవరికీ అక్కర్లేదు. అయినా ఆ చెట్లు అలాగే ఉండిపోయాయి. ముప్ఫై ఏళ్ళ తర్వాత హఫ్ అనే మరో శాస్త్రవేత్త వాటిలో కొన్నింటికి స్కాబ్ సోకడం లేదని గమనించారు. దాని మీద పని చేసి ‘ప్రీమా’ రకాన్ని విడుదల చేసేసరికి 1970 వచ్చింది. స్కాబ్‌ని ఆపే ఆ జన్యువుని ప్రపంచమంతా వాడుకుంది. 1990ల నాటికి యూరప్‌లో స్కాబ్ బూజు దాన్నీ దాటేసింది. ఇక మళ్ళీ వేట, మళ్ళీ అవే తోటల్లో. కజకిస్తాన్ గింజల నుంచి వచ్చిన చెట్లలో నిలవలో కాయ కుళ్ళే నీలి బూజుని తట్టుకునేది కూడా దొరికింది. వేసవిలో విశాఖలో కోల్డ్ స్టోరేజీ కాయ కొని, కోశాక సగం పారేసే వాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

మరి వీటిని దాచడం ఎలా? వరి, రాగి అయితే విత్తనం ఆరబెట్టి మైనస్ 18 డిగ్రీల గదిలో పెడితే సరిపోతుంది. నార్వే దగ్గర స్వాల్బార్డ్‌లో 2008లో తెరిచిన విత్తన ఖజానా ఆ పద్ధతిలోదే. కానీ గింజలో రకం నిలవని యాపిల్‌కి ఆ ఖజానా పనికిరాదు. చెట్టునే బతికించాలి. రకానికి రెండు మూడు చెట్లు, ప్రతి చెట్టుకీ బిళ్ళ, ఏటా కత్తిరింపు, మందు, ముసలిదైతే కొత్త అంటు. మన అనకాపల్లి చెరకు పరిశోధనా స్థానంలోనూ రకాల్ని ఇలాగే, నేలలో నాటి, మళ్ళీ మళ్ళీ నాటి నిలుపుతారు. ఎర్రకుళ్ళు తెగులు ఒక రకాన్ని తినేసినప్పుడు ఇంకో దాని కోసం చూసేది ఆ మడుల వైపే. యాపిల్‌కి మన దేశంలో ఆ పని శ్రీనగర్‌లోని కేంద్ర శీతల ఉద్యాన సంస్థ, సిమ్లా దగ్గర ఫాగ్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ కేంద్రం చేస్తున్నాయి. అంబ్రిని రెడ్ డెలిషియస్‌తో కలిపి కశ్మీర్‌లో ‘లాల్ అంబ్రి’ తెచ్చారంటే, అంబ్రి చెట్లు ఎక్కడో మిగిలి ఉండబట్టే.

చెట్ల తోటకి శత్రువు తెగులొక్కటే కాదు, నేల ధర కూడా. గజం రేటు గురించి విశాఖ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్ (అప్పటి లెనిన్‌గ్రాడ్) పక్కన పావ్లోవ్స్క్‌లో వావిలోవ్ నాటి పండ్ల తోట ఉంది. 2010లో ఆ భూమిని ఇళ్ళ నిర్మాణానికి ఇవ్వాలని కోర్టు కూడా అంది. ప్రపంచవ్యాప్తంగా గోల రేగాక ఆగింది. ఇంగ్లండ్‌లోని బ్రాగ్‌డేల్‌లో 2,000కు పైగా యాపిల్ రకాలున్నాయి. 1990లో ప్రభుత్వం అక్కడి పరిశోధనా కేంద్రాన్ని మూసేస్తే, ఒక ట్రస్టు ముందుకొచ్చి తోటని నిలబెట్టింది. యుద్ధంలో మిగిలిన తోటలు లేఅవుట్లకి బలయ్యే దాకా రావడం చూస్తే ఏమనాలో తెలియదు.

తోట పోయినా రకం పోకుండా అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ఇంకో దారి పట్టారు. నడి చలికాలంలో నిద్రపోతున్న పుల్లని కోసి, ఒక్కో ముక్కకి ఒక్కో మొగ్గ ఉండేలా మూడు నాలుగు సెంటీమీటర్ల ముక్కలు చేస్తారు. వాటిని చల్లటి చోట తేమ 30 శాతానికి వచ్చేదాకా ఆరబెట్టి, గంటకి ఒక డిగ్రీ చొప్పున మైనస్ 30 దాకా దించి, అప్పుడు ద్రవ నైట్రోజన్ ఆవిరిలోకి పంపుతారు. ఏళ్ళ తర్వాత తీసి, తడి పీట్‌లో (కుళ్ళిన నాచు మట్టిలో) పదిహేను రోజులు నానబెట్టి, వేరు మొక్క మీద కంటి అంటు కడితే చిగురిస్తుంది. అయితే గట్టి చలికి గట్టిపడిన మొగ్గలకే ఇది బాగా పనిచేస్తుంది. మన కొండలకి కావలసిన తక్కువ చలి రకాలకి గట్టిపడే గుణమే తక్కువ. అందుకని వాటికి నేల మీది తోటే దిక్కు.

ఇప్పుడు చింతపల్లి వైపు చూస్తే నాకు దిగులు పుట్టించేది చలి కాదు, పేరు. ఏజెన్సీ రైతు చేతికొచ్చే మొక్కకి కట్టిన చీటీ మీద ఏ పేరు ఉన్నా, అది నిజమో కాదో తేలేది కాపు వచ్చాకే, అంటే కనీసం మూడేళ్ళకి. డీఎన్ఏ పరీక్ష చేస్తే పెద్ద పెద్ద సేకరణల్లోనే పేర్లు తారుమారైన చెట్లు బయటపడ్డాయి. నర్సరీల్లో ఇంకెలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పైగా ఆనా ఒక్కటే నాటితే కాయ సరిగా పట్టదు, దాంతో పాటే పూసే డోర్సెట్ గోల్డెన్ లాంటిది పక్కన ఉండాలి. ఒక్క ఎకరంలో కూడా రెండు రకాలు, అవీ అసలైనవి, తప్పవన్నమాట. ఇండోనేషియాలోని మలాంగ్ కొండల్లో చలి బొత్తిగా లేకపోయినా చేత్తో ఆకు దూసి చెట్టుని మళ్ళీ పూతకి తెస్తున్నారు; మన దగ్గర ఏ రకం ఆ కిటుకుకి లొంగుతుందో నాటి చూస్తే గానీ తెలియదు.

అందుకు చింతపల్లిలోని వ్యవసాయ పరిశోధనా స్థానంలో నిర్ధారించిన తల్లి చెట్లు, రకానికి మూడేసి చొప్పున, ఒక వరుస ఉంటే చాలు. రైతులకి అంటు పుల్ల అక్కడి నుంచే ఇవ్వొచ్చు. ఈ పనికి పథకం కింద కాకుండా స్థానం సొంత బడ్జెట్లో ఏటా కూలి, నీరు, కత్తిరింపు ఖర్చు రాయాలి. పథకాలు సాధారణంగా మూడేళ్ళకో ఐదేళ్ళకో అయిపోతాయి, యాపిల్ చెట్టు సరిగ్గా కాపు అందుకునేది అప్పుడే.