ఆకులు రాలని శరత్తు

మా అమ్మాయి ఇంగ్లీషు వాచకంలో ‘ఆటమ్’ పాఠం పక్కన ఎర్రటి ఆకులు రాలుతున్న చెట్టు బొమ్మ ఒకటుంది. అది చూసిన సాయంత్రం మా గేటు ముందున్న కానుగ చెట్టు వైపు వేలు చూపించి, “నాన్నా, మన చెట్టుకి ఆ రంగులు ఎప్పుడొస్తాయి?” అని అడిగింది. రావమ్మా అన్నాను. “అయితే మనకి ఆటమ్ లేదా?” అంది, ఏదో మోసం జరిగినట్టు.

ఉంది. కాకపోతే చెట్టు మీద వెతికితే దొరకదు. ఆటమ్‌ను ‘ఆకురాలు కాలం’ అని తెలుగు చేసి, దాన్ని తీసుకెళ్లి శరదృతువుకు అంటగట్టడం వల్ల వచ్చిన తంటా ఇది. మన లెక్కలో ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజ కార్తీకాల్లో చెట్లు వానలు తాగి నిండు పచ్చగా ఉంటాయి.

చల్లని దేశాల్లో చలికాలం వస్తోందంటే వెలుతురు తగ్గిపోతుంది, నేలలోని నీరు గడ్డకడుతుంది. పని లేని ఆకును మోయడం చెట్టుకి దండగ. అందుకని పత్రహరితాన్ని విడగొట్టి, పనికొచ్చే పోషకాలను కొమ్మల్లోకి లాక్కుని, ఆకును వదిలేస్తుంది. ఆకుపచ్చ పోయాక అడుగున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం చాలా చెట్లు అప్పటికప్పుడు తయారుచేసుకునేదే. మన దగ్గర చెట్టును భయపెట్టేది దాహం. హైదరాబాదులో జూన్ పగటికీ డిసెంబరు పగటికీ తేడా రెండు గంటలే. లండన్‌లో అది తొమ్మిది గంటలకు దగ్గర. వెలుతురుకు ఇక్కడ కొరత లేదు. నేలలో తడి ఆరిపోయాకే టేకూ మోదుగా ఆకు దులుపుకుంటాయి.

మరి మన శరత్తు ఎక్కడుంది? సగం ఆకాశంలో, సగం గడ్డి మీద.

నైరుతి రుతుపవనాలు సెప్టెంబరు 17 ప్రాంతంలో పశ్చిమ రాజస్థాన్ నుంచి వెనుదిరగడం మొదలుపెట్టి, అక్టోబరు 15కల్లా దేశాన్ని విడిచిపోవాలని వాతావరణ శాఖ లెక్క. మూడు నెలల వానలు గాలిలోని దుమ్మును కడిగేసి ఉంటాయి. తేమ కూడా తగ్గుతుంది. గాలిలో తేలే సన్నటి నీటి బిందువులు, ధూళి కణాలు అన్ని రంగుల కాంతినీ ఒకేలా చెదరగొట్టి ఆకాశాన్ని పాలిపోయినట్టు చేస్తాయి. అవి తగ్గాక మిగిలేవి గాలి అణువులు. వాటికి ఎరుపు కంటే నీలాన్ని చెదరగొట్టడమే ఎక్కువ అలవాటు. దసరా సెలవుల్లో ఆకాశం అంత నీలంగా గుర్తుండిపోవడంలో సెలవుల మహిమ కొంతే.

కోస్తా వాళ్లు ఈ మాటకు ఒప్పుకోకపోవచ్చు. వాళ్లకు ఇది తుఫాన్ల కాలం. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది, హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. వరి పొట్ట మీదున్నప్పుడు ఆకాశం కేసి చూసే రైతు నీలాన్ని కాదు, మబ్బునే వెతుకుతాడు.

మబ్బు లేని రాత్రికి మర్నాడు పొద్దున గడ్డి సాక్ష్యం చెబుతుంది. మంచు కురిసింది అంటాం గానీ, అది పైనుంచి కురిసేది కాదు. ఈ సంగతిని పట్టుగా తేల్చినవాడు లండన్‌లో వైద్యం చేసుకునే విలియం చార్లెస్ వెల్స్. తూచిన ఉన్ని పింజలను రాత్రంతా తోటలో ఉంచి, తెల్లారి మళ్లీ తూచేవాడు. కాళ్ల మీద నిలబెట్టిన పలకకు పైన కొంత, అడుగున కొంత ఉన్ని కట్టి చూశాడు. ఆకాశం ఎక్కువగా కనిపించే చోట ఉన్న పింజ ఎక్కువ బరువెక్కింది. 1814లో ఆయన ప్రచురించిన వివరణే ఇప్పటికీ నిలిచి ఉంది. రాత్రి ప్రతి వస్తువూ తన వేడిని కంటికి కనపడని కిరణాలుగా పైకి వదులుతుంది. మబ్బుంటే అది దుప్పటిలా చాలా వేడిని తిరిగి కిందికి పంపుతుంది. నిర్మలమైన ఆకాశంలోకి పోయిన వేడిలో చాలా భాగం పోయినట్టే. పలచటి గడ్డిపరక చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడిపోతుంది. దాన్ని తాకిన గాలి తనలోని తేమను మోయలేక అక్కడే దించేస్తుంది. మంచు చేరేది చల్లబడ్డాక, మంచు చేరి చల్లబడదు అన్నదే వెల్స్ తేల్చిన అసలు విషయం.

దీన్ని పరీక్షించడానికి ఉన్ని అక్కర్లేదు. రాత్రి ఒక బండిని చెట్టు కింద, ఇంకో బండిని ఆరుబయట నిలపండి. పొద్దున సీట్లు తడిమి చూస్తే సరి.

ఇంకో చిన్న తమాషా ఉంది. ఎండ ఇంకా ఏటవాలుగా ఉన్నప్పుడు, సూర్యుడు వీపు వెనక ఉండేట్టు మంచు పట్టిన గడ్డి ముందు నిలబడి మీ నీడ చూసుకోండి. తల చుట్టూ తెల్లటి వెలుగు కనిపిస్తుంది, పటంలో దేవుడికున్నట్టు. ఒక్కో మంచు బొట్టూ ఒక కటకం. ఎండను తన వెనకున్న గడ్డిపరక మీద చుక్కగా పోగుచేస్తుంది. అక్కడ చెదిరిన వెలుగు మళ్లీ అదే బొట్టులోంచి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఆ దారిలో ఉన్నది మీ కళ్లే. పక్కనున్న వాళ్ల తల దగ్గర మీకు ఆ వెలుగు కనిపించదు; వాళ్లకు మీది కనిపించదు. నేనూ మా అమ్మాయీ కాలనీ పార్కులో నిలబడి “నాకే ఉంది” అంటే “కాదు నాకే” అని వాదించుకున్నాం. ఇటలీ శిల్పి బెన్వెనూతో చెల్లీని కూడా పదహారో శతాబ్దంలో ఇది చూసి, దైవం తన మీద చూపించిన ప్రత్యేకమైన దయే అనుకున్నాడు. మా అమ్మాయి తప్పేమీ లేదు.

పల్లెటూళ్లో ఉన్నవాళ్లు వరి ఆకు కొసన వేలాడే గుండ్రటి బొట్టును కూడా గమనించండి. అది మంచు కాకపోవచ్చు. వేళ్లు రాత్రంతా తోడిన నీరు, ఆకు కొసనున్న సన్నటి రంధ్రాల గుండా బయటికొచ్చి నిలిచిందది. పరక అంతటా పలచగా పరుచుకున్నది మంచు, సరిగ్గా కొసన ఒక్కటే మెరుస్తున్నది మొక్క సొంత నీరు.

ఇక పారిజాతం. రాలిన పువ్వు పూజకు పనికిరాదనే ఇళ్లలో కూడా దీనికి మినహాయింపు ఉంది. చీకటి పడ్డాక విచ్చుకుని, తెల్లారేలోపు రాలిపోతుంది. పువ్వు మొదట్లో ఒక సన్నటి పొర కణాలు తమ మధ్యనున్న బంధాన్ని తామే కరిగించుకుంటాయి. గాలి కూడా తగలక్కర్లేదు. ఆ నారింజ కాడకు రంగునిచ్చేది కుంకుమపువ్వు రంగుకు దగ్గరి చుట్టమైన పదార్థమే. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి ఖాయం చేసిన శాస్త్రీయ నామంలో ‘దుఃఖపు చెట్టు’ అనే అర్థం ఉంది. ఆయన భారతదేశానికి ఎప్పుడూ రాలేదు. ఒక్క కార్తీకమాసపు తెల్లవారుజామున ఈ చెట్టు కింద నిలబడి ఉంటే ఆ పేరు మార్చేవాడనే నా నమ్మకం.

పూలు ఏరుతూ కాసేపు కూర్చుంటే వాసన తెలియడం మానేస్తుంది. పువ్వులో లోపం లేదు. మారకుండా ఉన్నదాన్ని పట్టించుకోకపోవడం ముక్కుకు, దాని వెనకున్న మెదడుకు పుట్టుకతో వచ్చిన పద్ధతి. కొత్తగా వచ్చే వాసన కోసం చోటు ఖాళీగా ఉంచుకుంటుంది. గేటు దాకా నడిచి తిరిగొస్తే పరిమళం మళ్లీ మొదలు.

ముక్కు ఒక్కటే కాదు, సంతోషం కూడా ఇలాగే మొద్దుబారుతుందని 1978లో మనస్తత్వవేత్త ఫిలిప్ బ్రిక్‌మన్, ఆయన సహచరులు ఒక అధ్యయనం వెలువరించారు. అమెరికాలోని ఇల్లినాయ్ లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని, గెలవని ఇంకో 22 మందిని అడిగారు: స్నేహితుడితో కబుర్లు, పొద్దున ఫలహారం, ఒక జోకు వినడం, పత్రిక తిరగేయడం మీకు ఎంత హాయిగా ఉంటాయి అని. గెలిచినవాళ్లే తక్కువ మార్కులు వేశారు. 22 మందితో లోకరీతిని తేల్చేయలేం. తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాల్లో లాటరీ డబ్బు జీవితం మీద సంతృప్తిని కొంత పెంచినట్టే కనిపించింది కూడా. అయినా ఆ ఫలహారం ప్రశ్న నన్ను వదలదు. పారిజాతం ఏడాది పొడుగునా పూస్తే దాని కిందికి ఎవరైనా చాప పట్టుకుని వెళ్తారా?

రాత్రి సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను. నన్నయ మహాభారతాన్ని ఆపింది శరద్రాత్రుల వర్ణన దగ్గరే అంటారు. అందులో ఆయన వెన్నెలను కర్పూరపు పొడితో పోల్చాడు. చిత్రమేమిటంటే వెన్నెల తెల్లదేమీ కాదు, ఎండ కంటే కాస్త ఎరుపు వైపే ఉంటుంది. చంద్రుడి నేల పాత తారు రోడ్డంత నల్లన, పడిన కాంతిలో ఎనిమిదో వంతును మాత్రమే తిప్పి పంపుతుంది. అంత మసక వెలుగులో మన కంట్లో రంగులు చూసే కణాలు దాదాపు చేతులెత్తేస్తాయి. రంగు తెలియని కణాలే పని నడిపిస్తాయి. కర్పూరం రంగు ఆకాశం నుంచి కాక నన్నయ కంట్లోంచి వచ్చిందన్నమాట. పున్నమి నాడు డాబా మీదికి ఒక ఎర్ర మందారాన్ని తీసుకెళ్లి చూడండి. దీపాలకు దూరంగా వెళ్తే అది నల్లగా కనిపిస్తుంది.

ఈ వారం మా ఇంట్లో బియ్యం డబ్బాలో నాలుగు సీతాఫలాలు పెట్టాం. పాలమూరు వైపు నుంచి వచ్చిన కాయలు. మాగే కాయ ఇథిలీన్ అనే వాయువును వదులుతుంది. అది బియ్యం మధ్య చిక్కుకుని పక్క కాయలను కూడా తొందరపెడుతుంది. లోపల పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. అమ్మాయి రోజూ బడికి వెళ్లే ముందు చెయ్యి పెట్టి ఒక్కోదాన్ని నొక్కి చూస్తుంది. కోతుల మెదళ్ల మీద నాడీశాస్త్రవేత్త వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ చేసిన పరిశోధనల్లో, పళ్ల రసం అనుకోకుండా దొరికినప్పుడు డోపమైన్ అనే రసాయనంతో కబురు పంపే మెదడు కణాలు గట్టిగా స్పందించాయి. రసం వస్తుందని ముందే తెలిపే సంకేతానికి అలవాటు పడ్డాక, స్పందన రసం దగ్గర ఆగిపోయి సంకేతం దగ్గరికి మారింది. ఇది మా అమ్మాయికి చెప్పలేదు. నిన్న మూడో కాయ కళ్లు విచ్చుకుందని అరిచింది. కోసి చూస్తే ఇంకా గట్టిగానే ఉంది. మిగిలిన మూడింటినీ మళ్లీ బియ్యంలో పూడ్చి, మూత పెట్టి, దాని మీద పప్పు డబ్బా బరువుగా ఉంచింది.