మోడం పట్టిందంటే మోడెం ఆపి ఆన్ చేయమంది

పోయిన ఖరీఫ్‌కు ముందు, కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో మా మామ ఫోన్‌లో ఒక వాయిస్ యాప్‌ను అడిగాడు: "మోడం పట్టుకోనుండాది, పదునైతాదా, ఇత్తనం ఎయ్యొచ్చా?" యాప్ ఒక్క తప్పు లేని తెలుగులో, మీ మోడెం ఆపి కాసేపాగి మళ్లీ ఆన్ చేయండి అంది. మామ ఫోన్ నా చేతిలో పెట్టి "ఏమప్పా, నువ్వు చదివిన చదువు ఇదేనా?" అన్నాడు.

అవును, ఇదే. కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ అంటే ఊళ్లో ఎవరికీ అర్థం కాదు కాబట్టి "కంప్యూటర్‌కు తెలుగు నేర్పే పని" అని చెప్పుకుంటూ వచ్చాను. ఆ తెలుగు ఎవరిది అని అడిగినవాళ్లు లేరు, మామ తప్ప. మోడం అంటే అనంతపురం వాళ్లకు మబ్బు, కన్నడంలోనూ అదే మాట. పదును అంటే విత్తడానికి నేలలో సరిపడా తడి. చుట్టుపక్కల రైతులందరికీ తెలిసిన ఈ రెండు మాటల్లో ఒకటి యంత్రానికి ఇంటర్నెట్ పెట్టె అయింది, రెండోదాన్ని ఇంకో అనువాద యాప్‌లో వేసి చూస్తే కత్తికి పెట్టే పదునైంది. ఇదేదో నిన్నా మొన్నా జరిగిన పొరపాటు కాదు, దీని వెనక వందేళ్లకు పైగా కథ ఉంది.

మొదట్లో సీమ వెనకబడి ఏమీ లేదు, అసలు తెలుగు రాతలో పాతదంటే మనం చూపించే కలమళ్ల శాసనమే కడప జిల్లాది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు, దత్తమండలాలు అన్నారు. 1820లో సి.పి. బ్రౌన్ ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. ఆయన వేమన పద్యాలు సేకరించిన సంగతి అందరికీ తెలుసు, 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువూ తెలుసు. నాకు మాత్రం ఆయన పనుల్లో ఎక్కువ ఇష్టమైనది 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు. కచేరీ కాగితాల్లో, అర్జీల్లో ఉర్దూ, ఫార్సీ, మరాఠీ, ఇంగ్లీషు కలగలిసిన తెలుగు ఉండేది. పండితులు దాన్ని భాష కిందే లెక్కవేసేవాళ్లు కాదు. కానీ రైతు అర్జీ ఉండేది అందులోనే, అది అర్థం కాకపోతే న్యాయం చెప్పడం కుదరదు. ఆ మాటలన్నీ ఏరి బ్రౌన్ విడిగా పుస్తకం వేశాడు. కంపెనీ అవసరం కోసమే వేశాడు, కాదనను, అయినా సామాజిక సమస్య మీద భాషాశాస్త్రం అని ఇప్పుడు మా కాన్ఫరెన్సుల్లో స్లైడ్లు వేసుకునేది ఇలాంటి పని గురించే. కడపలో ఆయన బంగళా ఉన్న చోట, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల వల్ల, ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. పోనివాళ్లు ఒకసారి పోయి చూడండి.

తర్వాతే దెబ్బ పడింది. 1894లో గ్రియర్సన్ అనే బ్రిటిష్ అధికారి భారతీయ భాషల సర్వే మొదలుపెట్టాడు. ప్రతి జిల్లా నుంచీ స్థానిక మాటతీరు నమూనాలు తెప్పించడం పద్ధతి, బైబిల్లోని తప్పిపోయిన కొడుకు కథను ఎవరి మాటలో వాళ్లు చెప్పాలి. బ్రహ్మాండమైన ఆలోచన. అయితే మద్రాసు ప్రెసిడెన్సీ, హైదరాబాద్, మైసూరు సంస్థానాలు సర్వే పరిధిలోకి రాలేదు. 1906లో వచ్చిన ద్రావిడ భాషల సంపుటంలో తెలుగు ఉంది కానీ, తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న నేలను సర్వే తొక్కలేదు. అనంతపురం, కడప, కర్నూలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవి. దేశం మొత్తం మాటను మొదటిసారి లెక్కబెట్టినప్పుడే మన మాట లెక్కలోకి రాలేదన్నమాట.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. 1928లో నంద్యాల సభల్లో దత్తమండలం అనే పేరు తీసేసి రాయలసీమ అని పెట్టమన్న చిలుకూరి నారాయణరావు రాజకీయ నాయకుడు కాదు, భాషా చరిత్రకారుడు. అనంతపురం కాలేజీలో పాఠాలు చెబుతూ ఆంధ్రభాషా చరిత్ర రాసిన మనిషి, అది 1937లో అచ్చయింది. సీమకు పేరు పెట్టిందే ఒక భాషాశాస్త్రవేత్త అని మా బ్యాచ్‌లో ఎవరికీ తెలియదు, నాకూ పీహెచ్‌డీలో చేరాకే తెలిసింది.

లెక్కలోకి రాని మాటను మొదట పట్టించుకున్నవాడు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున ఆయన ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది, చేనేతది 1971లో. అన్ని జిల్లాలూ తిరిగి రైతు నోట విన్న మాటను విన్నట్టే రాసుకున్న పని అది. తెలుగును నాలుగు మాండలికాలుగా విడదీయడానికి ఆధారాలు దొరికిందీ అందులోనే, మనది దక్షిణ మాండలికం. కానీ పుస్తకం ఉండటం వేరు, బీరువాలోంచి బయటికి రావడం వేరు.

ఎందుకంటే కంప్యూటర్లు తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టిన 1990ల్లో, కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భాషా సాంకేతిక కార్యక్రమం కింద ఒక్కో భాషకు సుమారు 30 లక్షల పదాల పాఠాలు సేకరించాలనుకుంటే, వాటికి మూలం అచ్చయిన పుస్తకాలే. అచ్చు తెలుగు అంటే ఎక్కువగా మధ్య కోస్తా మాట మీద నిలబడిన తెలుగు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత 1998లో పెట్టిన ట్రిపుల్ ఐటీలో పదాన్ని విరిచి ధాతువు, ప్రత్యయం చెప్పే ప్రోగ్రాములు తయారయ్యాయి, అనుసారక లాంటి అనువాద వ్యవస్థలు వచ్చాయి. ఆ పనిని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు, మేమంతా వాళ్ల భుజాల మీద కూర్చున్నవాళ్లమే. అయితే "చేస్తున్నారు" ఇస్తే ముక్కలు చేసి చెప్పే ప్రోగ్రాముకు "చేస్తాండారు" ఇస్తే తెలియని పదం అంటుంది. మాట మొత్తం పరాయిది కాదు, మధ్యలో ఒక్క ప్రత్యయం వేరు, అంతే.

ఆ తర్వాత యంత్రాలు మారాయి, రూల్స్ పోయి డేటా వచ్చింది. డేటా వస్తే అన్ని మాటలూ వస్తాయనుకున్నాం. 2022లో వచ్చిన ఫ్లోర్స్ అనే పరీక్షా సెట్టు రెండు వందల భాషల్లో అనువాద యంత్రాలకు మార్కులు వేస్తుంది, తెలుగూ ఉంది. కానీ అందులోని వాక్యాలన్నీ ఇంగ్లీషు నుంచి చేసిన అనువాదాలు. అప్పుడు తప్పిపోయిన కొడుకు, ఇప్పుడు వికీ వ్యాసాలు. రైతు తనంతట తాను మాట్లాడిన వాక్యం ఆ పరీక్షలో ఒక్కటీ లేదు, అయినా అందులో మార్కులొస్తే తెలుగు వచ్చినట్టే.

నేను ఈ దారిలోకి వచ్చింది మాత్రం మాండలికం మీద ప్రేమతో కాదు, పేర్ల వల్ల. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. 2024 జనవరి నుంచి కూలి డబ్బులు ఆధార్ ఆధారిత చెల్లింపుల్లోనే పడాలన్నారు. జాబ్ కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే తంటా మొదలవుతుంది. ఓబులేసు అనే పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో కూర్చుని రాసి చూడండి. చివర 'సు'నా, 'శు'నా, మధ్యలో 'లే'కు ఒక 'ఇ'నా, రెండా, ముందు 'వి' తగిలించాలా. హుసేనమ్మకు ఇంకా ఎక్కువ. మనిషి ఒక్కడే, పని చేసింది ఒక్కడే, కానీ కంప్యూటర్‌కు ఇద్దరు. ఇలాంటి చోట్ల, పలుకును బట్టి పేర్లు పోల్చడానికి వాడే సౌండెక్స్ అనే పద్ధతికి 1918లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు, అక్కడి ఇంటిపేర్లకు సరిపోయేలా చేసింది. అక్షరాల తేడా లెక్కపెట్టే పద్ధతి 1965లో రష్యాలో పుట్టింది. రెండింటికీ మన దీర్ఘాలు, ఒత్తులు తెలియవు. తెలుగు పలుకుబడిని బట్టి పేర్లు జత చేసే చిన్న ప్రోగ్రాము రాశాను, బాగానే పనిచేసింది.

దాన్ని పేపర్‌గా పంపితే ఒక రివ్యూయర్ రాసిన మాట ఇప్పటికీ గుర్తుంది: ఒక్క భాషే కదా, దీని విస్తృత ప్రయోజనమేమిటి? ఎనిమిది కోట్ల మందికి పైగా మాతృభాషగా రాయించుకున్నారని 2011 జనాభా లెక్కలు చెబుతున్నాయి, అయినా ఒక్క భాషే. ఇంగ్లీషు మీద మాత్రమే పని చేసినవాళ్లను ఈ ప్రశ్న అడగరు. ఇక ఇంటర్వ్యూల గోల వేరు. మా రంగంలో విలువంతా కాన్ఫరెన్స్ పేపర్లకు, మన యూనివర్సిటీల లెక్క 2010 నాటి ఏపీఐ మార్కుల (అధ్యాపకుల పనికి యూజీసీ వేసే లెక్క) కాలం నుంచీ జర్నళ్ల మీద. రెండేళ్లు ఊళ్లు తిరిగి మాటలు రికార్డు చేస్తే అది ఒక్క పేపర్, అదీ అచ్చయితే. కంప్యూటర్ సైన్స్ వాళ్లు నువ్వు భాషాశాస్త్రం మనిషివి అంటారు, తెలుగు శాఖ వాళ్లు నువ్వు కంప్యూటర్ మనిషివి అంటారు. సమాజానికి పనికొచ్చేది చేద్దామని వచ్చినవాళ్లు రెండు మూడేళ్లలో మంచి జీతానికి బెంగళూరు బస్సెక్కితే నేను తప్పుపట్టను.

ఇప్పుడు కాస్త గాలి మారింది. 2024లో వచ్చిన ఇండిక్‌వాయిసెస్ అనే ప్రాజెక్టు 22 భాషల్లో జనం సహజంగా మాట్లాడిన మాటలు కూడా సేకరించింది. వాణి అనే ఇంకో మాటల సేకరణ ప్రాజెక్టు దేశంలోని 773 జిల్లాలనూ లక్ష్యంగా పెట్టుకుంది. జిల్లా జిల్లాకూ పోవాలన్న ఆలోచన ఇన్నేళ్లకు మళ్లీ వచ్చింది, ఈసారి మద్రాసును పక్కన పెట్టకుండా.

నాకు టెన్షన్ పుట్టించేది ఇంకొకటి. నేను పనిచేసిన ఒక సేకరణలో రికార్డింగులు విని టైపు చేసే పిల్లలు అందరూ సీమవాళ్లే. ఆడియోలో "చెనిక్కాయలు పెరుకుతాండారు" అని స్పష్టంగా వినిపిస్తుంటే, ఫైల్లో "వేరుశనగ పీకుతున్నారు" అని ఉంది. ఎవరూ చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే దిద్దారు. కర్నూలు వైపు అమ్మాయి, అక్కడ వేరుశనగకు వాడే "బుడ్డలు" అనే మాటనూ అలాగే మార్చేసింది. ఎందుకమ్మా అంటే, "స్కూల్లో అట్ల రాస్తే మార్కులు కోసేవాళ్లు కదా సార్" అంది. అంటే గ్రియర్సన్ వదిలేసినా, రికార్డర్ వచ్చినా, చివరికి కొట్టివేత మన చేత్తోనే జరుగుతోంది. విన్నది విన్నట్టు రాయండి అని రూల్ పెట్టి, మొత్తం రెండోసారి టైపు చేయించాం. సగం టైం అక్కడే పోయింది.

మొన్న దసరాకు మామ మాటే రికార్డు చేద్దామని మైకు పెట్టాను. ఆయన గొంతు సవరించుకుని, రేడియోలో వార్తలు చదివినట్టు, "ఈ సంవత్సరము వర్షపాతము ఆశాజనకముగా లేదు" అని మొదలుపెట్టాడు. పది నిమిషాలు అదే వరస. చాల్లే మామా అని మైకు ఆపేశాను. ఆయన కండువా దులుపుకుంటా లేచి, వాకిట్లోకి తొంగి చూసి అన్నాడు: "మోడం పట్టిండాదప్పా, బట్టలు లోపల ఎయ్యిపో."