తేలే మంచు మీద పందొమ్మిది మంది

పాలంపేట వెళ్లినవాళ్లు రామప్ప గుడి ఇటుకల గురించి వినకుండా తిరిగిరారు. 1213 నాటి ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో వేస్తే తేలుతుంది. ఎండాకాలం సెలవుల్లో మా అక్క కొడుకును తీసుకెళ్తే, అంతా విని, "మామా, ఐసు కూడా తేలుతది కదా, దాని మీద ఎవరన్నా ఉంటరా?" అని అడిగాడు. బస్సు ములుగు రోడ్డు చేరేదాకా చెబుతూనే ఉన్నాను. అయినా ఇంకా మిగిలింది.

ఇటుక తేలేది లోపలి గాలి గదుల వల్ల. మంచు సంగతి వేరు. నీరు గడ్డకట్టేటప్పుడు అణువులు ఎడంగా సర్దుకుని, సుమారు 9 శాతం ఎక్కువ చోటు తీసుకుంటాయి. సముద్రపు నీరైతే మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఉప్పు మంచులో ఇమడదు కాబట్టి సన్నటి కాలువల్లో చిక్కటి ఉప్పునీరుగా మిగిలిపోతుంది. ఆ కాలువల్లో, మంచు పలక అడుగున నాచు బతుకుతుంది. వసంతంలో ఎండ మంచులోంచి దిగేసరికి అడుగంతా గోధుమ రంగుకు తిరుగుతుంది. పైనుంచి చూస్తే తెల్లటి ఎడారి. పొలం మాత్రం కింద ఉంది, తలకిందులుగా.

ఆ నాచును రొయ్యల్లాంటి చిన్న జీవులు మేస్తాయి. వాటిని ఆర్కిటిక్ కాడ్ అనే చేప తింటుంది, ఆ చేపను సీల్ అనే సముద్ర జంతువు తింటుంది. సీల్ నీళ్లపైకి వచ్చి గాలి పీల్చుకోవాలి కాబట్టి ముందుకాళ్ల గోళ్లతో మంచును గీకి గీకి, కన్నాలు మూసుకుపోకుండా చూసుకుంటుంది. ఆ కన్నం దగ్గర ధ్రువపు ఎలుగుబంటి గంటల తరబడి కదలకుండా కాచుకుంటుంది, మన చెరువు గట్టున కొంగలాగా. ఇది ఉత్తర ధ్రువం వైపు కథ. పిల్లల చార్టుల్లో ఎలుగుబంటి పక్కన పెంగ్విన్ బొమ్మ వేస్తారు కానీ, పెంగ్విన్లు ఉండేది దక్షిణాన. ఆ రెండూ ఎదురుపడవు.

ఇక మనుషులు. 1872 అక్టోబర్ 15 రాత్రి, గ్రీన్‌లాండ్ పడమటి తీరం వైపు, పొలారిస్ అనే అమెరికా ఓడ తుఫానులో మంచు మధ్య నలిగింది. సామాను మంచు మీదికి దించుతుండగానే పలక చీలింది, ఓడ కొట్టుకుపోయింది. పలక మీద 19 మంది మిగిలారు. వారిలో తొమ్మిది మంది ఇన్యూట్ కుటుంబాలవాళ్లు, అంటే ఆ మంచు ప్రాంతపు మూలవాసులు. ఐదుగురు పిల్లలు, అందులో ఒకరు రెండు నెలల పసికందు. చలికి తట్టుకోలేక నావికులు తమకున్న రెండు పడవల్లో ఒకదాన్ని పొయ్యిలో పెట్టేశారు. వాళ్లను బతికించింది ఎబియర్‌బింగ్, హాన్స్ హెండ్రిక్ అనే ఇద్దరు ఇన్యూట్ వేటగాళ్లు. మంచు ఇళ్లు కట్టారు. చీకటి చలికాలంలో సీల్ కన్నాల దగ్గర కాపు కాశారు. దొరికిన సీల్ మాంసమే తిండి, కొవ్వే దీపం. అంటే ఆ 19 మందీ చివరికి పలక అడుగునున్న నాచు పంట మీదే బతికారు. ఆరు నెలలకు పైగా, దాదాపు 2,900 కిలోమీటర్లు కొట్టుకుపోయాక, 1873 ఏప్రిల్ 30న టైగ్రెస్ అనే ఓడకు కనిపించారు. "చిన్నపిల్ల బతికిందా?" అని మావాడు రెండుసార్లు అడిగాడు. బతికింది. అందరూ బతికారు.

1937 మేలో పపానిన్ అనే నాయకుడితో కలిపి నలుగురు సోవియట్ మనుషులు, ఒక కుక్క, కావాలనే ఉత్తర ధ్రువం దగ్గర పలక మీద దిగి 274 రోజులు ఉన్నారు. ధ్రువం దగ్గర ప్రాణి ఉండదని అప్పట్లో చాలామంది నమ్మేవారు. ఆ వేసవిలోనే ఒక తల్లి ఎలుగుబంటి పిల్లలతో వాళ్ల డేరాల దాకా వచ్చింది.

ఇప్పుడు అలాంటి గట్టి పలక దొరకడమే కష్టమైంది. 1979 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. 2012 సెప్టెంబర్‌లో ఆర్కిటిక్, అంటే ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న సముద్రపు మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోయింది, అన్నిటికన్నా తక్కువ. 2013లో రష్యా వాళ్లు పలక పగులుతుండటంతో పలక మీది తమ 40వ తేలే పరిశోధన కేంద్రాన్ని ఖాళీ చేయించారు. 2022 నుంచి మంచులో ఇరుక్కుని తేలేలా కట్టిన ఓడలో ఉంటున్నారు. ఒంటి మీద ఉంగరాల్లాంటి గుర్తులుండే రింగ్డ్ సీల్ మాత్రం ఇప్పటికీ పలక మీది మెత్తటి మంచును తవ్వి, ఆ గుహలోనే పిల్లను ఈనుతుంది. పిల్ల తల్లిపాలు తాగేది ఆరు వారాల పాటు. అన్నాళ్లూ ఆ కప్పు కూలకూడదు, పలక విరగకూడదు.