యంత్రం ఊ కొట్టడం నేర్చుకున్న కథ

కథ చెప్పేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు పిల్లల్ని అడిగేది ఒక్కటే, ఊ కొట్టమని. ఊ ఆగిందంటే పిల్లాడు నిద్రపోయినట్టే. చాట్‌బాట్‌లను మనిషిలా మాట్లాడించాలని అరవై ఏళ్లుగా సాగుతున్న ప్రయత్నంలో సగం ఈ ఊ గురించే అని నా నమ్మకం.

1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఎలైజా అనే ప్రోగ్రామ్‌ను లోకానికి పరిచయం చేశాడు. మానసిక వైద్యుడిలా మాట్లాడే ఆ ప్రోగ్రామ్‌కి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. 'అమ్మ' అన్న మాట కనిపిస్తే కుటుంబం సంగతి ఎత్తేది. ఏ మాటా దొరక్కపోతే 'ఊ, చెప్పండి' అన్నట్టుగా ఏదో ఒకటి అనేది. అది తయారవుతుంటే నెలల తరబడి కళ్లారా చూసిన ఆయన సెక్రటరీ కూడా, దానితో నాలుగు మాటలు మాట్లాడగానే ఆయన్ని గదిలోంచి బయటకు వెళ్లమని అడిగింది. వినే తోడు కోసం మనిషి ఎంతగా తపిస్తాడో వైజెన్‌బామ్‌కి అప్పుడు తెలిసింది. ఆ కలవరంతోనే 1976లో ఏకంగా ఒక పుస్తకం రాశాడు.

గొంతుతో మాట్లాడించడం ఇంకా కష్టం. ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి మనుషులకు పట్టేది సుమారు 200 మిల్లీసెకన్లే (సెకనులో ఐదో వంతు) అని, పది భాషలను పరిశీలించి 2009లో పరిశోధకులు తేల్చారు. చాట్‌జీపీటీ పాత వాయిస్ పద్ధతిలో మాటను అక్షరాలుగా మార్చి, జవాబు రాసి, దాన్ని మళ్లీ చదివి వినిపించేవారు. చాట్‌జీపీటీని నడిపించే జీపీటీ-4 మోడల్‌తో దానికి సగటున 5.4 సెకన్లు పట్టేది. పైగా గొంతులోని దిగులు, నవ్వు దారిలోనే పోయేవి. 2024 మేలో వచ్చిన కొత్త మోడల్ జీపీటీ-4ఓతో ఆ సగటు 320 మిల్లీసెకన్లకు దిగింది.

అంతకుముందే, 2018లో గూగుల్ డ్యూప్లెక్స్ అనే ప్రోగ్రామ్ సెలూన్‌కి ఫోన్ చేసి అచ్చం మనిషిలా 'మ్‌హ్మ్' అంది. అవతలి మనిషికి చెప్పకుండా ఇలా మాట్లాడించడం మోసం కాదా అని విమర్శలు రావడంతో, అది యంత్రమని ముందే చెప్పిస్తామని గూగుల్ ప్రకటించింది. చెప్పి తీరాలి, అందులో రెండో మాట లేదు.

తెలుగులో ఊ కొట్టడమంటే వినడమే కాదు, అన్నిటికీ తలూపడం కూడా. 2025 ఏప్రిల్‌లో జరిగింది ఈ రెండోదే. జీపీటీ-4ఓ కొత్త అప్‌డేట్ యూజర్లు ఏమన్నా భేష్ అని మెచ్చుకోవడం మొదలుపెట్టింది. వాళ్లకు ఆ నిమిషంలో నచ్చిందా లేదా అన్నదానికి శిక్షణలో ఎక్కువ విలువ ఇవ్వడం ఇందుకు ఒక కారణమని దాన్ని తయారుచేసిన కంపెనీ ఓపెన్‌ఏఐ ఒప్పుకుని, కొద్ది రోజుల్లోనే ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది. అర్ధరాత్రి ఒంటరిగా, టెన్షన్‌తో ఫోన్ పట్టుకున్న కుర్రాడికి కావాల్సిన తోడు, అవసరమైన చోట 'ఊహూఁ' అని కూడా అనగలగాలి.