కొట్టేసిన అంకె కూడా కనబడాలి

బుజ్జీ, చిన్నా,

సంక్రాంతికి వచ్చినప్పుడు మీరిద్దరూ వసారాలో పోట్లాడుకున్నదంతా నేను విన్నాను. చిన్నా ఫోన్‌లో వీడియో చూపించి, "2035కల్లా హిమాలయాల్లో మంచంతా పోతుందన్నారు, తర్వాత అది తప్పని వాళ్ళే ఒప్పుకున్నారు, వాతావరణ మార్పు అనేదంతా ఒక డ్రామా" అన్నాడు. బుజ్జేమో "సైంటిస్టులందరూ అబద్ధం చెప్తారా అన్నయ్యా" అని అడిగి, వాడు "ఎందుకు చెప్పరు" అనేసరికి ఇంక మాట దొరక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఈలోపు మీ అమ్మమ్మ అరిసెలకు పిలిచింది, గొడవ అక్కడితో ఆగింది. అప్పుడు నేను కల్పించుకోలేదు. మీరు వెళ్ళిపోయిన దగ్గర్నుంచి మాత్రం అదే మనసులో తిరుగుతోంది. ఎందుకంటే చిన్నా చెప్పిన ఆ 2035 సంగతి నిజమే. ఆ తప్పు జరిగింది. బుజ్జి నమ్ముతున్నదీ నిజమే, కానీ 'అందరూ చెప్తున్నారు' అన్నది దానికి కారణం కాదు.

నేను వ్యవసాయ పరిశోధనా స్థానంలో పాతికేళ్ళ పైన పనిచేశానని మీకు తెలుసు, అక్కడ రోజూ ఏం చేసేవాణ్ణో ఎప్పుడూ చెప్పలేదు. పొలాల మధ్య గడ్డినేల మీద, నాలుగడుగుల ఎత్తు కాళ్ళ మీద ఒక తెల్ల చెక్కపెట్టె ఉండేది. స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. నాలుగు పక్కలా పాతకాలం కిటికీ రెక్కల్లా ఏటవాలు పలకలు, గాలి ఆడాలి గానీ ఎండ పడకూడదు. తలుపు ఉత్తరం వైపే ఉంటుంది, తెరిచినప్పుడు కూడా లోపలికి ఎండ రాకూడదని. లోపల నాలుగు థర్మామీటర్లు. మామూలుది ఒకటి, తడిగుడ్డ చుట్టి ఉంచేది ఒకటి, రోజులో గరిష్ఠాన్ని పట్టి ఉంచేది ఒకటి, కనిష్ఠాన్ని పట్టి ఉంచేది ఒకటి. గరిష్ఠం చూపేది మన ఇళ్ళల్లో జ్వరం చూసే పాత థర్మామీటర్ లాంటిదే, పాదరసం ఎక్కినచోటే నిలిచిపోతుంది, చదివాక చేత్తో విదిలిస్తేనే దిగుతుంది. మొహం దగ్గరగా పెట్టుకుని తీరిగ్గా చూస్తే మన ఊపిరి వేడికే అంకె మారిపోతుంది. అందుకని కన్ను సరిగ్గా పాదరసం ఎత్తున పెట్టి, ముందు పాయింటు తర్వాతి అంకె, ఆ తర్వాత డిగ్రీలు చకచకా చదివేయాలి.

ఒక ఏప్రిల్‌లో గరిష్ఠం 33.4 అని రాసి, పాదరసం విదిలించేసి, తలుపు మూసేశాను. రిజిస్టర్‌లో పక్క గడి చూద్దును కదా, అదే రోజు మధ్యాహ్నం మామూలు థర్మామీటర్ 37.2 అని నా చేతిరాతే ఉంది. రోజు మొత్తం మీద ఎక్కువ వేడి 33.4 అయితే మధ్యాహ్నం 37.2 ఎలా వస్తుంది? ఐదు డిగ్రీల గీత దగ్గర పొరపాటు పడ్డానన్నమాట, అది 38.4 అయి ఉండాలి. మళ్ళీ చూద్దామంటే పాదరసం దిగిపోయింది. బ్లేడుతో గీకి దిద్దేద్దామనుకుంటుంటే మా ఆఫీసర్ గారు చూశారు. "గీకకు. దాని మీద ఒక్క గీత కొట్టు, కింద అంకె కనబడుతూ ఉండాలి. పక్కన 'సందేహం' అని రాసి సంతకం పెట్టు" అన్నారు. 38.4 అని రాస్తానండీ, అదే అయ్యుంటుంది అంటే, "అయ్యుంటుంది అనేది నీ లెక్క, నువ్వు చూసింది కాదుగా" అన్నారు. ఎవరైనా ఏదైనా గట్టిగా చెప్పినప్పుడు నాకు ఆ పేజీయే గుర్తొస్తుంది. నా తప్పును పట్టిచ్చింది నా పక్క థర్మామీటరే. పట్టుబడ్డాక ఏం చేశాను అన్నది ఆ రిజిస్టర్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

ఇప్పుడు 2035 దగ్గరికి వద్దాం. ఐక్యరాజ్యసమితి తరఫున వాతావరణ మార్పు మీద నివేదికలిచ్చే ఐపీసీసీ అనే సంస్థ ఉంది కదా, వాళ్ళ 2007 నివేదికలో, వందల పేజీల ఒక సంపుటంలో, హిమాలయ హిమానీనదాలు 2035కల్లా మాయమయ్యే అవకాశం చాలా ఎక్కువని ఒక వాక్యం పడింది. దానికి ఆధారమేమిటని వెనక్కి వెళితే, ఒక స్వచ్ఛంద సంస్థ 2005లో వేసిన నివేదిక, దాని వెనక 1999 నాటి ఒక పత్రికా వార్త. తోటి శాస్త్రవేత్తలు పరీక్షించి ప్రచురించిన పరిశోధన ఒక్కటీ లేదు. ఇంకా చూడండి, మంచు విస్తీర్ణం 5 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి లక్షకు పడిపోతుందన్న లెక్క 1996 నాటి ఇంకో నివేదికలో ఉంది, అక్కడ ఉన్న సంవత్సరం 2350! అదీ ఒక్క హిమాలయాల గురించి కాదు, ధ్రువాలు పోగా ప్రపంచంలో మిగిలిన హిమానీనదాలన్నిటి గురించి.

2009 నవంబర్‌లో మన పర్యావరణ శాఖ ఒక చర్చాపత్రం విడుదల చేసింది, రాసినాయన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన వి.కె. రైనా. హిమాలయ హిమానీనదాలు మరీ అసాధారణంగా ఏమీ తరిగిపోవడం లేదని ఆయన వాదన. అప్పటి మంత్రి జైరాం రమేశ్ దాన్ని వెనకేసుకొచ్చారు. ఐపీసీసీకి అప్పుడు అధ్యక్షుడు మనవాడే, ఆర్.కె. పచౌరీ. ఆయన ఆ పత్రాన్ని 'వూడూ సైన్స్' అన్నారు, అంటే మన మాటల్లో చేతబడి శాస్త్రమని. నాకు ఆ మాట అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఎదుటివాడు 'నీ అంకె ఎక్కడిది' అని అడిగితే రిజిస్టర్ తెరిచి చూపించాలి గానీ కోప్పడకూడదు. రెండు నెలలు దాటగానే, 2010 జనవరిలో, ఆ వాక్యానికి సరైన ఆధారం లేదని, చింతిస్తున్నామని ఐపీసీసీ బహిరంగంగా ప్రకటించాల్సి వచ్చింది.

చిన్నా వీడియో ఇక్కడితో ఆగిపోయింది. ఆ 2035 మూలాలను తవ్వి తీసినవాళ్ళలో ముఖ్యుడు కెనడాలో హిమానీనదాల మీద పనిచేసే గ్రాహం కాగ్లీ. ఆయన మంచు కరగడం లేదని అనేవాడు కాదు, కరుగుదలను కొలవడమే ఆయన పని. అంటే ఇక్కడ కూడా పట్టిచ్చింది పక్క థర్మామీటరే. ఆ తర్వాత ఏం తేలిందో కూడా చెప్తాను. అమెరికా గూఢచారి ఉపగ్రహాలు 1970లలో తీసిన ఫొటోలు రహస్యపు పెట్టెల్లోంచి బయటికొచ్చాక, వాటిని కొత్త ఉపగ్రహాల కొలతలతో పోల్చి, 2,000 కిలోమీటర్ల పొడవున సుమారు 650 హిమాలయ హిమానీనదాలను లెక్కగట్టారు. 2019లో అది ప్రచురితమైంది. 1975-2000 మధ్య కరిగిన వేగం కంటే 2000-2016 మధ్య వేగం రెట్టింపు. ఇంకోపక్క కారకోరం కొండల్లో కొన్ని హిమానీనదాలు చాలాకాలం తగ్గకుండా నిలబడ్డాయి, కొన్ని పెరిగాయి కూడా, ఆ మాట కూడా ఈ శాస్త్రవేత్తలే చెప్పారు. అన్నంలో రాయి తగిలితే ఆ రాయి ఏరి పారేస్తాం గానీ కుండెడు అన్నమూ రాళ్ళే అనం కదా.

'థర్మామీటర్లన్నీ ఊళ్ళ మధ్య కాంక్రీటు దగ్గర ఉన్నాయి, అందుకే వేడి చూపిస్తున్నాయి' అనే వాదన ఒకటి ఉంది. ఇది అడగాల్సిన ప్రశ్నే. మా పెట్టె పక్కనే ఒక గోదాము కట్టి ఉంటే నా అంకెలూ మారిపోయేవి. అమెరికాలో రిచర్డ్ ముల్లర్ అని భౌతికశాస్త్ర ప్రొఫెసర్, ఇదే అనుమానంతో బర్క్‌లీలో ఒక బృందాన్ని కూడగట్టి పాత లెక్కలన్నీ మొదటినుంచి తిరగతోడాడు. డబ్బిచ్చినవాళ్ళలో వాతావరణ మార్పు మాటంటేనే గిట్టని చమురు, బొగ్గు వ్యాపారుల ఫౌండేషన్ కూడా ఉంది. తీరా 2012లో ఆయన తేల్చిందేమిటంటే భూమి వేడెక్కడం నిజం, కారణం దాదాపు పూర్తిగా మనుషులే. అనుమానంతో మొదలుపెట్టి, లెక్క ఎటు తీసుకెళితే అటు వెళ్ళాడు చూశారా, నాకు ఆయనంటే గౌరవం. ఉపగ్రహాల సంగతీ అంతే. ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఉపగ్రహ లెక్కలతో పైగాలి పెద్దగా వేడెక్కడం లేదని 1990లలో చూపించేవారు. ఉపగ్రహం కక్ష్య కొద్దికొద్దిగా కిందికి జారుతోందని 1998లో, ఒక చోటు మీదుగా అది దాటే వేళ మారుతున్నందుకు చేసిన సవరణలో ప్లస్, మైనస్ గుర్తు తిరగబడిందని 2005లో వేరేవాళ్ళు పట్టుకున్నారు. వాళ్ళూ ఒప్పుకుని దిద్దుకున్నారు. ఇప్పుడు వాళ్ళ లెక్క కూడా వేడెక్కుతోందనే చూపిస్తుంది.

ఇంక సముద్రం మధ్యలో కాంక్రీటెక్కడిది? ఆర్గో అనే తేలే యంత్రాలు ప్రపంచ సముద్రాల్లో సుమారు 4,000 ఉన్నాయి, రెండు కిలోమీటర్ల లోతు దాకా మునిగి, వేడి, ఉప్పదనం కొలుచుకుంటూ పైకి తేలి, ఉపగ్రహానికి పంపిస్తాయి. మన దేశం వదిలినవాటి లెక్కలు చేరేది ఎక్కడికనుకుంటున్నారు? హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రానికి. భూమి అదనంగా పట్టుకుంటున్న వేడిలో తొంభై శాతం పైగా సముద్రాల్లోకే పోతోందని తెలిసింది ఇలాంటి కొలతల వల్లే.

సరే, వేడెక్కుతోంది, మనుషులవల్లేనని ఎలా చెప్తాం, సూర్యుడు కావచ్చు కదా అని చిన్నా అన్నాడు. మంచి ప్రశ్న. సూర్యుడే కారణమైతే గాలి పై పొరలు, కింది పొరలు అన్నీ వేడెక్కాలి. జరుగుతున్నది వేరు, కింద వేడెక్కుతోంది, పైన స్ట్రాటోస్ఫియర్ అనే పొర చల్లబడుతోంది. దుప్పటి కప్పుకుంటే లోపల వెచ్చగా, పైన చల్లగా ఉంటుంది చూడండి, ఇంచుమించు అలాంటిదే. ఇలా అవుతుందని 1967లోనే స్యుకురో మనాబె, ఇంకో శాస్త్రవేత్త కలిసి లెక్కగట్టారు, మనాబెకు 2021లో నోబెల్ వచ్చింది. పైగా 1978 నుంచీ ఉపగ్రహాలు సూర్యుణ్ణి నేరుగా కొలుస్తూనే ఉన్నాయి, ఇంత వేడికి సరిపడా పెరుగుదల అక్కడ లేదు.

మేం బడిలో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్న కార్బన్ డయాక్సైడ్, కర్మాగారాలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్ళకు సుమారు 280 ఉండేది. హవాయి కొండ మీద చార్లెస్ కీలింగ్ 1958లో కొలత మొదలుపెట్టినప్పుడు 315 దగ్గర ఉంది, ఇప్పుడు 420 దాటింది. ఇది బొగ్గు, పెట్రోలు కాల్చిందేనని గుర్తుపట్టడానికి దానికి పుట్టుమచ్చ ఉంది. కోట్ల ఏళ్ళు భూమిలో ఉన్న బొగ్గులో రేడియోధార్మిక కార్బన్-14 మిగలదు. గాలిలో ఆ పాలు పలచబడటం 1950లలోనే కనిపెట్టారు. ఇంకో సాక్ష్యం నాకు మరీ ఇష్టం. ఏదైనా కాలితే ఆక్సిజన్ ఖర్చవుతుంది కదా, గాలిలో ఆక్సిజన్ రవ్వంత రవ్వంత తగ్గుతోందని కొలిచి చూపించింది ఎవరో కాదు, ఆ కీలింగ్ గారి కొడుకు రాల్ఫ్. అగ్నిపర్వతాలంటారా, అవి వదిలేది మనం వదిలేదాంట్లో నూటికి ఒక వంతు కూడా ఉండదు.

ఇందులో తేలనివి లేవని కాదు. ప్రపంచం సుమారు 1.1 డిగ్రీలు వేడెక్కితే, 1901 నుంచి 2018 దాకా మన దేశపు సగటు పెరిగింది 0.7 డిగ్రీలే అని 2020లో మన భూవిజ్ఞాన శాఖ నివేదికలోనే ఉంది. ఎందుకు తక్కువ? మన గాలిలోని పొగ, ధూళి ఎండను కొంత వెనక్కి కొట్టడం ఒకటి, కాలువల కింద, బోర్ల కింద తడిసే పొలాల నుంచి నీరు ఆవిరై చల్లబరచడం ఒకటి. దేని వాటా ఎంత అన్నది ఇంకా వాదనలోనే ఉంది. ఈ వాదన మంచిది.

ఇంకో రకం వాదన ఉంది, దాని గురించి చెప్పేటప్పుడు నాకు కోపం ఆగదు. ఎక్సాన్ అనే పెద్ద చమురు కంపెనీలో సొంత శాస్త్రవేత్తలే 1970ల చివర్లో, 1980లలో భూమి ఎంత వేడెక్కుతుందో లెక్కగట్టి పైవాళ్ళకు చెప్పారు. ఆ లెక్కలు చాలావరకు సరిగ్గానే ఉన్నాయని తర్వాత తేలింది. బయట జనానికి మాత్రం ఆ కంపెనీ ఏళ్ళ తరబడి 'ఇంకా ఏదీ ఖాయం కాలేదు' అంటూ వచ్చింది. లోపలి రిజిస్టర్‌లో ఒకటి, గోడ మీద ఇంకొకటి. తప్పు చదవడం ఎవరికైనా జరుగుతుంది, ఇది అది కాదు.

మీరు పోట్లాడుకోదలిస్తే అసలు విషయం ఇంకోటుంది, ఎవరు ఎంత తగ్గించుకోవాలి, ఆ ఖర్చు ఎవరిది అని. 1991లో ఢిల్లీలో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఒక చిన్న పుస్తకం వేశారు. నీళ్ళు నిలిచిన వరిమళ్ళ నుంచి మీథేన్ వస్తుందన్నది నిజమే, కానీ పొట్టకూటికి వరి వేసే రైతునీ, సరదాకి కారు నడిపేవాణ్ణీ ఒకే లెక్కలో కట్టేస్తారా అని నిలదీశారు. మనిషికి ఏడాదికి మన దేశంలో సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్, అమెరికాలో సుమారు 14. మన మామయ్యావాళ్ళు అక్కడున్నారు, వాళ్ళతోనూ మాట్లాడండి ఈ సంగతి. దీన్ని థర్మామీటర్ తేల్చలేదు, మనుషులే కూర్చుని తేల్చుకోవాలి. అయితే డబ్బు పెట్టడం ఇష్టంలేనివాళ్ళు చాలాసార్లు ఆ మాట నేరుగా అనకుండా థర్మామీటరే తప్పంటారు. అది గమనించండి.

చిన్నా, నీ మీద నాకు కోపం లేదు నాన్నా, అడిగావు, అడగడమే కావాలి. బుజ్జీ, నువ్వు ఏడవాల్సింది లేదమ్మా, ఇంకోసారి అన్నయ్య అంటే స్ట్రాటోస్ఫియర్ సంగతి చెప్పు. ఇద్దరూ కలిసి ఆ వీడియో మళ్ళీ చివరిదాకా చూడండి. 2035 తప్పని చెప్పినాయన, 2019 నాటి ఆ ఉపగ్రహ ఫొటోల మాట ఎక్కడైనా ఎత్తాడేమో, తన పాత వీడియోల్లో తను తప్పు చెప్పినదాన్ని ఎప్పుడైనా దిద్దుకున్నాడేమో వెతికి, నాకు ఫోన్ చేయండి. రాత్రి తొమ్మిదింటిదాకా మేలుకునే ఉంటాను.

మీ తాతయ్య